పేరు పిలిచినప్పుడు పలకడానికి ఒకరుండాలి

మీరు అడిగింది ఇది: డిసెంబరులో మీ ఇంజినీరింగ్ బ్యాచ్ ఇరవై అయిదేళ్ల రీయూనియన్, మీలో ఆరుగురు ఇప్పుడు లేరు. అమెరికాలో కాలేజీ ఫ్రెటర్నిటీలు (విద్యార్థులు చేరి జీవితాంతం సభ్యులుగా ఉండే సంఘాలు), పూర్వ విద్యార్థులు చనిపోయిన తమవాళ్లను ఎలా గుర్తు చేసుకుంటారు, అందులో మనం ఏం చేయవచ్చు?

రెండు నిమిషాల మౌనంతో సరిపెట్టకండి. ఆరుగురి పేర్లూ ఒక్కొక్కటిగా పైకి చదవండి. ప్రతి పేరుకీ మీలో ఎవరో ఒకరు పలకండి. ఒకసారి నేను మా స్నేహితుడి పేరుకి అలా పలికాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఫ్రెటర్నిటీల సంగతి. నేను సభ్యుణ్ని కాను, మా ల్యాబ్‌లో పనిచేసిన ఒక అమెరికన్ మిత్రుడు సభ్యుడు. వాళ్ల శాఖలకు గ్రీకు అక్షరాలతో పేర్లు పెడతారు. చాలా సంఘాల్లో చివరి అక్షరమైన ఒమేగాను బతికున్నవాళ్ల శాఖకి పెట్టరు, చనిపోయినవాళ్ల కోసం ఉంచేస్తారు. ఎవరైనా పోతే "ఒమేగా ఛాప్టర్‌లో చేరాడు" అంటారు. కొన్ని సంఘాలు "ఛాప్టర్ ఎటర్నల్" అంటాయి, అంటే ఎప్పటికీ ఉండే శాఖ అని. సభ్యత్వం చావుతో పోదని వాళ్ల లెక్క. వాళ్ల పత్రికల్లో ఆ సంవత్సరం పోయినవాళ్ల పేర్లు వేస్తారు. 1906లో కార్నెల్‌లో మొదలైన ఆల్ఫా ఫై ఆల్ఫా అయితే తమ సభ్యుడైన మార్టిన్ లూథర్ కింగ్‌కి వాషింగ్టన్‌లో స్మారకం కట్టాలని 1984లోనే పూనుకుంది. అది 2011లో పూర్తయింది. ఒక కాలేజీ సంఘం తన మనిషి కోసం ఇరవై ఏడేళ్లు పట్టు విడవలేదంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

నేను స్వయంగా చూసింది మాత్రం టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పద్ధతి. అక్కడ ఏటా ఏప్రిల్ 21న "మస్టర్" జరుపుతారు. క్యాంపస్‌లోనే కాదు, పూర్వ విద్యార్థులు ఉన్న ఊరూరా, వేరే దేశాల్లో కూడా. గత మస్టర్ తర్వాత చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. ప్రతి పేరుకీ కుటుంబం, స్నేహితులు "హియర్" అని పలుకుతారు, ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. అంతే. 1942లో ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడార్ దీవి మీద జపాన్ బాంబులు పడుతున్న రోజుల్లో, అక్కడి సేనాపతి జార్జ్ మూర్, ఆయనతో ఉన్న ఆ కాలేజీవాళ్లు ఈ రోజును తలచుకున్నారన్న వార్త అమెరికా పత్రికలకు చేరింది. రెండు వారాలకే, మే 6న, ఆ దీవి లొంగిపోయింది. మస్టర్‌కి ఇంత పేరు అప్పటి నుంచే వచ్చింది.

చదువుకుంటూ ఉండగానే పోయిన విద్యార్థులకు "సిల్వర్ ట్యాప్స్" వేరే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే నెల మొదటి మంగళవారం రాత్రి పదిన్నరకి క్యాంపస్‌లో దీపాలు తగ్గిస్తారు. వందల మంది పిల్లలు చీకట్లో మాట్లాడకుండా వచ్చి నిలబడతారు. తుపాకులు పేలుస్తారు, తర్వాత బాకా ఊదుతారు, ఉత్తరానికి ఒకసారి, దక్షిణానికి ఒకసారి, పడమరకి ఒకసారి. తూర్పుకి ఊదరు. ఆ విద్యార్థికి ఇక సూర్యోదయం లేదు కాబట్టి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పోయిన అబ్బాయి ఎవరో కూడా నాకు తెలియదు, అయినా రూముకి వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మావాడి గురించి. కాకినాడలో బీటెక్ నాలుగేళ్లూ నా పక్కనే కూర్చున్నాడు. నేను సామర్లకోట నుంచి బస్సులో వచ్చేవాణ్ని. బస్సు లేటైన రోజు మొదటి గంటలో నా నంబరు పిలిస్తే నా గొంతుతో "ప్రెజెంట్ సార్" అనేవాడు. 2003లో ఇద్దరం కలిసే ఏ అండ్ ఎం‌కి ఎమ్మెస్‌కి వెళ్లాం. 1999 నవంబరు 18న అక్కడ బాన్‌ఫైర్ (అప్పట్లో విద్యార్థులు ఏటా వేసే పెద్ద భోగిమంట లాంటిది) కోసం పేర్చిన దుంగల గోపురం కూలి పన్నెండుమంది చనిపోయారు, ఇరవై ఏడుమంది గాయపడ్డారు. అయిదేళ్లకి అదే చోట స్మారకం తెరిచారు. గుండ్రంగా పన్నెండు ద్వారాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి సొంత ఊరి దిక్కుకి తిరిగి ఉంటుంది. ఒక ద్వారం మధ్యలో నిలబడి మావాడు, "ఒరేయ్, ఇక్కణ్నుంచి మన కాకినాడ ఏ దిక్కురా?" అన్నాడు. నేను పడమర అన్నాను, వాడు తూర్పు అన్నాడు. ఎటు తిరిగినా భూమికి అవతలివైపే అని ఇద్దరం ఊరుకున్నాం.

2016లో హ్యూస్టన్‌లో గుండెపోటుతో పోయాడు. ముప్పై అయిదేళ్లు.

మరుసటి ఏప్రిల్‌లో మస్టర్‌లో వాడి పేరు చదివించాలనుకున్నాను. ముందు వాడి భార్యని అడిగాను. "అమ్మాయి తట్టుకుంటుందా అన్నయ్యా?" అంది. రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. మా ప్రాంతపు మస్టర్‌లో పేర్లు చదివే ఒక పెద్దావిడ నాకు ఫోన్ చేసింది. వాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు అటూ ఇటూ పడి ఉన్నాయి. పైగా ఇంటిపేరులో ణ, పేరులో ళ. ఇంట్లోవాళ్లు ఏ వరసలో పిలుస్తారో, ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో అడిగి రాసుకుంది. నా గొంతుతో రికార్డు చేసి పంపితే విని, మళ్లీ ఫోన్ చేసి రెండుసార్లు చెప్పి చూపించింది. వాణ్ని ఎప్పుడూ చూడని మనిషి ఆవిడ.

ఆ సాయంత్రం ఒక హాల్లో వందమంది దాకా ఉన్నాం. వాడి పేరు వచ్చింది. నేనూ, మా రూమ్మేట్లు ఇద్దరూ, వాడి భార్యా ఒకేసారి "హియర్" అన్నాం. నా గొంతు సరిగ్గా పెగల్లేదు. హాలు మళ్లీ నిశ్శబ్దమయ్యాక, వాడి ఆరేళ్ల కూతురు, స్కూల్లో రోజూ అనే అలవాటు కొద్దీ కాబోలు, ఒక్కతే స్పష్టంగా "హియర్" అంది. చదివే ఆవిడ తొందరపడి తర్వాతి పేరుకి వెళ్లలేదు. పాప కొవ్వొత్తి వైపు చూడటం అయ్యేదాకా ఆగింది.

కాకినాడలో వాళ్లమ్మగారు వీడియో కాల్‌లో చూశారు. అక్కడ తెల్లవారుజాము అయిదున్నర. ఆవిడ అన్నది ఒకటే మాట, "ఆవిడెవరో గానీ వాడి పేరు సరిగ్గా పలికింది బాబూ."

అందుకే మీకు మొదటగా చెప్పేది పేర్ల గురించే. నాకు తెలిసిన ఒక రీయూనియన్‌లో స్క్రీన్ మీద ఒకరి ఫోటో కింద ఇంకొకరి పేరు పడింది. ఆయన భార్య ముందు వరుసలోనే కూర్చుని ఉంది. తర్వాత ఎంత సారీ చెప్పినా ఏం లాభం? పేరు, ఇంటిపేరు, ఫోటో ముందే ఆ ఇంట్లోవాళ్లకి పంపి సరిచూసుకోండి. వాళ్లు వద్దంటే మానేయండి. ఎలా పోయారన్నది వేదిక మీద ఎత్తొద్దు. ఆరుగురే అని ఖాయం చేసుకునే ముందు, మధ్యలో చదువు మానేసినవాళ్లనీ, డిటెయిన్ అయి కింది బ్యాచ్‌లో కలిసినవాళ్లనీ కూడా వాకబు చేయండి. సాధారణంగా మరిచిపోయేది వాళ్లనే.

మనకి "హియర్" అక్కర్లేదు, మన మాట మనకుంది. మీకు పాఠం చెప్పిన మాస్టారు ఎవరైనా ఓపికగా ఉంటే ఆయన్నే పిలవండి. అప్పటి హాజరు పట్టీ వరసలోనే నంబరు, పేరు ఆయన చదవాలి. పక్కన కూర్చున్నవాళ్లు లేచి "ప్రెజెంట్ సార్" అనాలి. పేరుకీ పేరుకీ మధ్య కాస్త ఆగమని మాస్టారికి ముందే చెప్పండి. ఇదంతా ఉదయమే పెట్టుకోండి, పాటలు, భోజనాలు మొదలయ్యాక కుదరదు. కుటుంబాల్లో రాలేనివాళ్లకి వీడియో కాల్ పెట్టండి, ఫోన్ పట్టుకునే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పగించండి.

ఆ ఆరుగురిలో ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్లో మీ గ్రూపులో ఈరోజే అడగండి.