రేసు క్లబ్బు సస్పెండ్ చేస్తే హైకోర్టుకు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ రేసులో తప్పు జరిగిందా లేదా అని హైకోర్టు మళ్లీ తేల్చదు. శిక్ష వేసిన పద్ధతి న్యాయంగా ఉందా అన్నదే చూస్తుంది.

గుర్రానికి మందు ఇచ్చారా, జాకీ కావాలని వెనక్కి లాగాడా అన్నవి తేల్చడానికి స్టీవార్డులు (రేసులను పర్యవేక్షించే క్లబ్బు అధికారులు), వాళ్లపైన అప్పీలు బోర్డు ఉంటారు. కోర్టు అడిగేది వేరు: నోటీసు ఇచ్చారా, ఆధారాలు చూపించారా, మాట్లాడనిచ్చారా, సొంత రూల్స్ దాటారా? క్లబ్బు ప్రైవేటు సంస్థ కదా అని కొందరు వెనకాడతారు. 2005లో జీ టెలిఫిలింస్ కేసులో సుప్రీంకోర్టు క్రికెట్ బోర్డు ప్రభుత్వంలో భాగం కాదంది. అయినా ప్రజలకు సంబంధించిన బాధ్యత నిర్వహిస్తుంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చని చెప్పింది. రేసు క్లబ్బు విషయంలోనూ ముందు తేలాల్సింది అదే. రిట్ కుదరకపోతే సివిల్ కోర్టు ఉంది.

పాలమూరు నుంచి వెళ్లి హైదరాబాదులో గుర్రాల ట్రైనర్‌గా చేస్తున్న ఒకతను ఉన్నాడనుకోండి. గుర్రానికి మందు ఇచ్చారంటూ, శాంపిల్ పరీక్ష రిపోర్టు కాపీ కూడా ఇవ్వకుండా ఏడాది సస్పెండ్ చేశారు. ఇది నిజంగా అన్యాయం, కోర్టు ఆ ఆర్డరు కొట్టేసే అవకాశం బాగా ఉంటుంది. అయితే మళ్లీ సరిగ్గా విచారించి అదే శిక్ష వేయొచ్చు కూడా.

పిటిషన్ పడగానే సస్పెన్షన్ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. స్టే విడిగా అడగాలి, అది కోర్టు ఇస్తేనే. క్లబ్బులో అప్పీలు చేసుకోకుండా నేరుగా వస్తే, ముందు అక్కడికే వెళ్లమని సాధారణంగా తిప్పి పంపుతారు; ఈలోగా ఆ అప్పీలు గడువు దాటిపోవచ్చు.