నాయనకు, చిన్నాయనకు ఒకే జబ్బు: ఏ పరీక్ష, ముందు ఎవరికి?

అన్నా, నాయనకు 48కే పక్షవాతం, ఇప్పుడు మతిమరుపు, చిన్నాయనకూ అదే వరస, ఇద్దరికీ బీపీ, షుగర్ లేవు అన్నారు. అట్లయితే కాడసిల్ అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాల్సిందే. 19వ క్రోమోజోమ్ మీది నాచ్3 జన్యువులో మార్పు వల్ల మెదడులోని సన్న రక్తనాళాల గోడలు చెడిపోతాయి. ఆ మార్పు ఉన్నవాళ్ల ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం.

ఎమ్మారై సీడీ తీసుకొని కర్నూలు పెద్దాసుపత్రి న్యూరాలజీకి పోండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఎమ్మారైలోని ఫ్లెయిర్ రకం చిత్రాల్లో టెంపొరల్ లోబ్ (కణతల దగ్గరుండే మెదడు భాగం) ముందు కొసన తెల్లమచ్చలు ఉన్నాయేమో చూడమనండి. మామూలు బీపీ మచ్చలు అక్కడ అరుదు.

జన్యుపరీక్ష ముందు నాయనకే చేయించాలి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో కొద్దిగా రక్తం చాలు. నాచ్3లో 2 నుంచి 24 దాకా ఎక్సాన్లన్నీ (ప్రొటీన్ తయారీకి సూచనలుండే జన్యువు ముక్కలు) చదివించండి. కొన్నే చూసి నెగెటివ్ అంటే నమ్మొద్దు. ప్రొటీన్‌లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం లెక్కను మార్చే తేడా ఉందా అన్నదే రిపోర్టులో కీలకం. మీ ఇంట్లో మేనరికాలుండి, పడుచు వయసులోనే బట్టతల, నడుంనొప్పి కనిపిస్తే ఇట్లాంటి జబ్బునే తెచ్చే హెచ్‌టీఆర్‌ఏ1 జన్యువునూ చూడమనండి.

పిల్లలకు ఏ లక్షణమూ లేకుంటే 18 నిండేదాకా పరీక్ష వద్దు. ఆ తర్వాత కూడా జెనెటిక్ కౌన్సెలింగ్ అయ్యాకే, వాళ్లిష్టం. నాయన బీడీ తాగుతుంటే ఇవాళే మాన్పించండి. ఈ జబ్బులో పొగతాగేవాళ్లకు పక్షవాతం ఇంకా ముందే వస్తుంది.