ర్యాంకు తక్కువైతే కిందిదేనా?

ప్రశ్న: విలోమం లేని మాత్రికలకూ బ్రూహా విభజన ఉంటుందా మాస్టారూ? ఉంటే, ర్యాంకు 1 ముక్కలన్నీ ర్యాంకు 2 ముక్కల కిందే ఉంటాయి కదా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: ఉంటుందమ్మా. 1986లో లెక్స్ రెన్నర్ చూపించాడు. బ్రూహా విభజన అంటే, విలోమం ఉన్న ఎగువ త్రిభుజ మాత్రికలతో అటూ ఇటూ గుణించి ఒకదాన్నుంచి ఇంకోటి రాబట్టగల మాత్రికల్ని ఒక్కో ముక్కగా విడగొట్టడం. విలోమం ఉన్నవాటికి, ముక్కల్ని గుర్తించడానికి ప్రస్తారాలు (ప్రతి అడ్డు, నిలువు వరుసలో ఒక్కో 1 ఉండే మాత్రికలు) సరిపోతాయి. మొత్తం మాత్రికల మోనాయిడ్‌కి (గుణకారం ఉంటుంది, విలోమం తప్పనిసరి కాదు) మాత్రం మాత్రిక అంతే కొలత ఉన్న చదరంగం బల్ల కావాలి, ఏనుగు ఉన్నచోట 1, మిగతా చోట్ల 0 అనుకో: ఒకదాన్నొకటి కొట్టుకోకుండా ఏనుగుల్ని ఎన్ని రకాలుగా పెట్టగలమో అన్ని ముక్కలు. ఖాళీ బల్ల కూడా లెక్కే. 2×2కి 7, 3×3కి 34.

రెండో ప్రశ్నకు జవాబు, కాదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఒక ముక్క ఇంకోదాని సంవృతిలో (ఆ ముక్కతో పాటు దాని మాత్రికల అవధులన్నీ కలిపిన సమితిలో) ఉంటేనే దాని కిందది. విలోమం ఉన్న ఎగువ త్రిభుజ మాత్రికలతో అటూ ఇటూ గుణించినా, ఎడమ కింది మూల నుంచి తీసిన ఏ ఉపమాత్రిక ర్యాంకూ మారదు. కాబట్టి పోల్చాల్సింది ఆ మూల ర్యాంకులన్నిటినీ.

2×2లో ఎడమ కింది మూలలో మాత్రమే 1 ఉన్న మాత్రిక తీసుకో. దాని మూల ర్యాంకు 1, యూనిట్ మాత్రికకు అక్కడ 0. మొత్తం ర్యాంకు చూస్తే యూనిట్ మాత్రికదే ఎక్కువ. అంటే రెండింటిలో ఏదీ దేనికీ కిందది కాదు! కుడి పైమూలలో మాత్రమే 1 ఉన్నది మాత్రం యూనిట్ మాత్రిక కిందే ఉంటుంది.

ఏడింటికీ బొమ్మ గీసెయ్, పావుగంట పని. అడుగున సున్నా, అన్నిటికంటే పైన అడ్డ ప్రస్తారం (ఎడమ కింది మూలలో, కుడి పైమూలలో 1 ఉన్నది) రావాలి. 34కి మాత్రం చేత్తో గీయకు, కంప్యూటర్‌కి అప్పగించు.