అమెరికాలో అణు లైసెన్సు సులువైందని చిన్న రియాక్టర్ల షేర్లు కొనొచ్చా?

అమెరికాలో అణు రియాక్టర్ల లైసెన్సు రూల్స్ మారాయి కాబట్టి, రెండేళ్లలో చెల్లి పెళ్లికి కావాల్సిన ఐదు లక్షలు ఆ కంపెనీల షేర్లలో పెట్టొచ్చా అని అడిగారు. ఆ డబ్బు మాత్రం పెట్టకండి. నేను గాజువాకలో ఉంటాను. రియాక్టర్ వస్తుందన్న వార్తను నమ్మి డబ్బు పెట్టినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

2013లో మా మామయ్య, నేను కలిసి రణస్థలం దగ్గర 200 గజాల ప్లాటు కొన్నాం. పక్కనే కొవ్వాడలో అణు ప్లాంటు స్థలానికి కేంద్రం సూత్రప్రాయ ఆమోదం అప్పటికే ఉంది. బ్రోకర్ కారు బానెట్ మీద లేఅవుట్ పరిచి, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "స్టాఫ్ క్వార్టర్స్ ఇక్కడే వస్తాయి సార్" అన్నాడు. నా వాటాలో రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఆ తర్వాత 2016లో ప్రాజెక్టు జీఈ హిటాచీ నుంచి మరో రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్‌కి మారింది. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు అన్నారు, ఇంతవరకు ఒక్కదానికీ పునాది పడలేదు. అప్పు తీర్చడానికి నాకు ఐదేళ్లు పట్టింది, వడ్డీయే అసలును దాటింది. మొన్న సంక్రాంతికి వెళ్తే నాలుగు హద్దు రాళ్లలో ఒకటే కనిపించింది, అదీ గడ్డి పక్కకు నెట్టి వెతికితే.

అందుకే లైసెన్సు వార్త చూడగానే నాకు ముందు వడ్డీ గుర్తొస్తుంది.

అమెరికాలో సంస్కరణ నిజంగానే జరిగింది, అది అవసరం కూడా. అక్కడ దరఖాస్తు పరిశీలించే అధికారుల సమయానికి గంటల లెక్కన కంపెనీయే ఫీజు కట్టాలి. పరిశీలన ఏళ్ల తరబడి సాగితే చిన్న కంపెనీ తట్టుకోలేదు. 2024 జూలైలో వచ్చిన అడ్వాన్స్ చట్టం కొత్త రకం రియాక్టర్లకు ఆ ఫీజు తగ్గించింది. కొత్త రియాక్టర్ దరఖాస్తును 18 నెలల్లో తేల్చాలని 2025 మేలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మన దగ్గరా 2025 డిసెంబర్‌లో శాంతి చట్టం ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది.

అయితే చిన్న రియాక్టర్లు డిజైన్ చేసే అమెరికా కంపెనీ న్యూస్కేల్ కథ చూడండి. చిన్న రియాక్టర్లలో అమెరికా నియంత్రణ సంస్థ డిజైన్ సర్టిఫికేషన్ పొందిన మొదటిది వాళ్లదే, 2023 జనవరిలో. అదే ఏడాది నవంబర్‌లో ఐడహోలో కట్టాల్సిన వాళ్ల మొదటి ప్లాంటు రద్దయింది. అడ్డం వచ్చింది డిజైన్ అనుమతి కాదు, కరెంటు ధర. మెగావాట్ అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, 58 డాలర్లనుకున్న అంచనా 89కి చేరేసరికి, కొంటామన్న ఊళ్లు సరిపడా ముందుకు రాలేదు. ఇంధనం సంగతి ఇంకొకటి. ఈ కొత్త డిజైన్లు చాలావాటికి మామూలు కంటే ఎక్కువగా శుద్ధి చేసిన యురేనియం కావాలి. మార్కెట్లో దాన్ని అమ్మే దేశం దాదాపు రష్యా ఒక్కటే కావడంతో, ఉక్రెయిన్ యుద్ధం వల్ల అక్కడ కొనలేక, బిల్ గేట్స్ స్థాపించిన టెర్రాపవర్ తన వయోమింగ్ ప్లాంటు కనీసం రెండేళ్లు ఆలస్యమవుతుందని 2022 డిసెంబర్‌లోనే చెప్పింది.

ఆదాయం లేని కంపెనీ ఈ ఏళ్లన్నీ ఎలా బతుకుతుంది? కొత్త షేర్లు జారీ చేసి. అప్పుడు మీ వాటా చిన్నదవుతుంది. ప్లాటులో గజాలైనా తగ్గవు!

అణు విద్యుత్తు మీద నాకు నమ్మకం పోలేదు. ఇప్పుడు నేను జీతంలోంచి నెలకు కొంత పక్కన పెట్టి, పంపులు, వాల్వులు, ఫోర్జింగులు (కాల్చి మలిచిన లోహపు భాగాలు) చేసే మన కంపెనీల షేర్లు కొంటున్నాను. రియాక్టర్ ఆర్డర్ ఆలస్యమైనా వాటికి రిఫైనరీల పని, థర్మల్ ప్లాంట్ల పని ఉంటుంది. అమెరికా షేర్లే కావాలంటే పదేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బుతోనే కొనండి. కొనేముందు కంపెనీ నివేదికలో రెండు విషయాలు వెతకండి: కరెంటు కొంటామని ఎవరైనా గట్టిగా సంతకం పెట్టారా, చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు వస్తుంది. కొన్నాక ఆ షేర్లను ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి.

చెల్లి పెళ్లి డబ్బు ఈ వారమే బ్యాంకులో ఎఫ్‌డీ చేసేయండి. ముహూర్తానికి నెల ముందే చేతికొచ్చేలా గడువు పెట్టించుకోండి.