మొదటి కీమో కంటే ముందే చెవి పరీక్ష చేయించండి

ప్రశ్న: మా మామయ్యకి ముక్కు వెనక భాగంలో కేన్సర్. 35 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు సిస్‌ప్లాటిన్ కీమో అన్నారు. బుధవారం, కిరణాలు ఎక్కడ పడాలో చూసుకునే ప్లానింగ్ స్కాన్. చెవులు దెబ్బతింటాయని ఎవరో భయపెట్టారు. చెవుల్లో దూది పెట్టుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

దూది వల్ల ఏమీ కాదండీ. ఎముకనే దాటుకుని పోయే కిరణాలకి దూది ఒక లెక్కా! కానీ మీరు అడగాల్సిన సమయానికి అడిగారు. మేం అడగలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మా నాన్న ఆర్టీసీ డిపోలో 30 ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బస్సు గేటు దాటి లోపలికి వస్తుంటేనే ఏ బేరింగ్ పోయిందో చెప్పేవారు. ఆయనకి ఈ జబ్బు మొదలైందే చెవితో. ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుంది అన్నారు. 3 నెలలు చుక్కల మందు, గులిమి తీయించడం, మళ్ళీ చుక్కల మందు. మెడ పక్కన గడ్డ తేలాక గానీ ముక్కులోంచి కెమెరా గొట్టం పెట్టి చూసిన డాక్టరు లేడు. చెవి నుంచి వచ్చే సన్నటి గొట్టం ముక్కు వెనకే తెరుచుకుంటుంది, అక్కడ గడ్డ అడ్డం పడితే చెవిలో నీరు చేరుతుంది. పెద్దవాళ్ళకి ఒక్క చెవే దిబ్బడ వేసి వారాల తరబడి తగ్గకపోతే ముక్కు వెనక చూసి తీరాలి. ఈ మాట చదివినవాళ్ళు ఇంకో నలుగురికి చెప్పండి.

సరే, మీ మామయ్యగారికి చెప్పినట్టే నాన్నకీ 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే (రేడియేషన్ మోతాదుని గ్రేల్లో కొలుస్తారు). సోమవారం నుంచి శుక్రవారం దాకా, 7 వారాలు. మూడు వారాలకోసారి సిస్‌ప్లాటిన్ సెలైన్. రేడియేషన్‌ని వార్డులో ఎవర్ని కదిపినా 'కరెంటు పెట్టించుకుంటున్నాం' అనే అంటారు, మా ఇంట్లోనూ అదే మాట అయిపోయింది. నోరంతా పుండ్లు, ఉమ్ము ఎండిపోవడం, ముక్కులోంచి పైపు పెట్టి జావ పొయ్యడం. ఆ హడావిడిలో చెవి సంగతి ఎవరికి గుర్తుంటుంది? రెండో కీమో అయిన నాలుగో రోజు, "చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నాయమ్మా" అన్నారు నాన్న. నేను సిస్టర్‌కి చెప్పాను. నీరసం, తగ్గిపోతుంది అంది. ఆ మాట డాక్టరు దాకా వెళ్ళనేలేదు. మూడో కీమో పూర్తి మోతాదులో ఎక్కించేశారు. ఆ ఆస్పత్రి పేరు రాయను గానీ, ఆ రోజు నేనే డాక్టరు గది ముందు కూర్చుని ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

కరెంటు అయిపోయి, స్కాన్ బాగుందన్నారు. మిఠాయి పంచాం. ఆ తర్వాత ఇంట్లో ఒకటొకటే మొదలైంది. అమ్మ స్నానానికి వెళ్తూ "పాలు చూడండి" అంటే, నాన్న తన కాలు వంక చూసుకుని "వాపేం లేదే" అన్నారు. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. 'పాలు'కీ 'కాలు'కీ తేడా అంతా ఆ మొదటి హల్లు లోనే ఉంది. ప, క, త, స లాంటివాటిని విడదీసి చెప్పేది ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం, అంటే కీచుగా ఉండే సన్నటి శబ్దం. సిస్‌ప్లాటిన్ ముందు కొట్టేది సరిగ్గా దాన్నే. మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలీదు. అందుకని నాన్న నలుగురిలో కూర్చోవడం మానేశారు. మేమేమో జబ్బు వల్ల మనసు విరిగిపోయింది అనుకున్నాం. కేన్సర్ తగ్గాక ముభావంగా మారిపోయారని చెప్పుకునే పెద్దవాళ్ళలో సగం మందికి వచ్చింది దిగులు కాదు, చెవుడు అని నా గట్టి నమ్మకం.

చివరికి కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో నాన్నని పక్కకి తిప్పి కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చారు. ఎంత సన్నగా వినబడినా సరే నొక్కమన్నారు. బయట ఆడియాలజిస్ట్ అమ్మాయి పక్కన స్టూలు మీద నేను. ఆ అమ్మాయి శబ్దం పంపినప్పుడల్లా మిషన్ మీద ఒక లైటు, నాన్న నొక్కితే ఇంకో లైటు. 250, 500, 1000 హెర్ట్జ్ దగ్గర (అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది) రెండు లైట్లూ వెంటవెంటనే వెలిగాయి. 2000 దగ్గర రెండోది ఆలస్యమైంది. 4000 దగ్గర మొదటి లైటు ఒక్కటే వెలిగి ఆరింది. ఆ అమ్మాయి శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. నాన్న బొటనవేలు బటన్ మీద ఆనించుకుని, ఎక్కడ మిస్సవుతుందో అన్నట్టు కళ్ళు మూసుకుని మరీ వింటున్నారు. 8000 దగ్గర మిషన్ చివరిదాకా తిప్పినా ఆ వేలు కదల్లేదు. బయటికొచ్చి, "మధ్యలో మిషన్ ఆపేశారేంటమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగారు. ఆ పిల్ల తల వంచుకుని గ్రాఫ్ మీద చుక్కలు కలుపుతూ కూర్చుంది.

ఆ గ్రాఫ్ పట్టుకుని కరెంటు పెట్టిన ఆస్పత్రికి వెళ్తే అక్కడి డాక్టరు ఏమన్నారో తెలుసా? "డిపోలో పనిచేశారు కదా, వయసు కూడా 66. ముందు నుంచే ఉండి ఉంటుంది." నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే చికిత్సకి ముందు తీయించిన ఆడియోగ్రామ్, అంటే ఇలాంటి వినికిడి గ్రాఫ్, లేదు. ఇంజన్ల చప్పుడుకి ఎంత పోయిందో, సిస్‌ప్లాటిన్‌కి ఎంతో, కరెంటుకి ఎంతో ఇక ఎవరూ తేల్చలేరు. కిడ్నీ రిపోర్టు లేకుండా సిస్‌ప్లాటిన్ ఎక్కించరు కదా, చెవి రిపోర్టు లేకుండా ఎందుకు ఎక్కిస్తారు? అరగంట పని! కేన్సర్ ఆస్పత్రులన్నిటిలో దీన్ని తప్పనిసరి చెయ్యాలని ఎక్కడికెళ్ళినా వాదిస్తూనే ఉంటాను.

ఇక మీ పని. ఆడియోగ్రామ్ మొదటి కీమో కంటే ముందు అయిపోవాలి. 8000 హెర్ట్జ్ దాకా మామూలుగా చేస్తారు, అంతకు మించి చేసే మిషన్ ఉంటే అదీ చెయ్యమనండి. చెవి వెనక ఎముక మీద పెట్టి చేసే పరీక్ష కూడా అడగండి. నీరు చేరడం వల్ల తగ్గిందా, లోపలి చెవే దెబ్బతిన్నదా అన్నది దాంతోనే తెలుస్తుంది. నీరైతే ఈఎన్‌టీ వాళ్ళు దారి చూపిస్తారు. లోపలి చెవిలోని సన్నటి కణాలు పోతే మళ్ళీ మొలవవు.

రేడియేషన్ డాక్టరుని ఒకే ప్రశ్న అడగండి: "రెండు కాక్లియాలకీ సగటు డోస్ ఎంత వస్తోంది?" లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని శనగగింజంత ఉండేదాన్నే కాక్లియా అంటారు. ప్లానింగ్ స్కాన్ మీద దాన్ని గీసి గుర్తిస్తేనే కంప్యూటర్ దాన్ని తప్పించడానికి చూస్తుంది. సగటున 45 గ్రే దాటకూడదని, వీలైతే 35 లోపల ఉంచాలని 2010 నుంచి డాక్టర్లు వాడుతున్న లెక్క. సిస్‌ప్లాటిన్ తోడైతే ఇంకా తక్కువలోనే దెబ్బ తగులుతుంది. నాలుక, స్వరపేటిక కేన్సర్లలో కాక్లియా దూరంగా ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇంత భయం లేదు. ముక్కు వెనక అయితే పక్కనే. గడ్డ ఆనుకుని ఉన్న వైపు డోస్ తగ్గించలేం అని డాక్టరు అంటే ఒప్పుకోండి, ప్రాణం ముందు. రెండో వైపు చెవి కోసం మాత్రం గట్టిగా అడగండి. డోస్ తగ్గిస్తే వినికిడి మిగిలి తీరుతుందన్న గ్యారంటీ లేదు. బ్రిటన్‌లో చెవి కింద లాలాజల గ్రంథి కేన్సర్ ఉన్న 110 మంది మీద చేసిన ట్రయల్‌లో కాక్లియాకి డోస్ తగ్గింది గానీ, చెవుడు వచ్చినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా నేనైతే అడుగుతాను.

కీమో డాక్టరుకి చెవిలో హోరు మొదలైన రోజే చెప్పండి, సిస్టర్‌తో చెప్పి ఊరుకోకండి. వారం వారం చిన్న మోతాదా, మూడు వారాలకోసారి పెద్దదా, మందు మార్చాలా అన్నది ఆయన నిర్ణయం. కానీ మీరు చెప్పకపోతే ఆయనకి తెలీదు. మధ్యలో జ్వరం వచ్చి వేరే చోట చేరిస్తే జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజక్షన్ల పేరు వినగానే సిస్‌ప్లాటిన్ నడుస్తోందని చెప్పండి. అవీ చెవినే కొడతాయి. సిస్‌ప్లాటిన్ నుంచి చెవిని కాపాడుతుందని సోడియం థయోసల్ఫేట్ అనే మందు గురించి వాట్సాప్‌లో వస్తుంది. 2022లో అమెరికాలో అనుమతి ఇచ్చింది పిల్లలకి, అదీ వేరే చోటికి పాకని గడ్డలకి. మీ మామయ్యగారి లాంటి కేసు కాదది.

చెవిలో వెల్లుల్లి కాచిన నూనె మాత్రం పొయ్యకండి. మా పెద్దత్తయ్య పోసింది, కరెంటుకి ఎండిన చర్మం పుండై రెండు వారాలు చీము కారింది. గులిమి తీసే దూది పుల్లలూ వద్దు. వినాయక నిమజ్జనం డీజేల దగ్గరికి, పెళ్ళి బ్యాండు దగ్గరికి తీసుకెళ్ళకండి. సిస్‌ప్లాటిన్ పడ్డ చెవికి మోత ఇంకా చేటు. మా వీధి కుర్రాళ్ళకి నాన్న రిపోర్టు చూపించి బతిమాలినా బాక్సుల మొహం అటు తిప్పలేదు. ఇంకో సంగతి, ఓపీలో మైకులో పేరు పిలిచి రాకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు. నాన్న వరస అలా రెండుసార్లు పోయింది. పక్కన ఒకరు ఉండండి.

సిస్‌ప్లాటిన్ దెబ్బ రోజుల్లో, వారాల్లో బయటపడుతుంది. కరెంటు దెబ్బ నెలలకి, ఒక్కోసారి ఏళ్ళకి. కాబట్టి అయిపోయాక కూడా పరీక్షలు ఆపకండి. వినికిడి మిషన్ పెట్టుకోవాల్సి వస్తే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ శాఖ ఉంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి కేంద్రం పథకం కింద ఇస్తారు. నాన్న ఇప్పుడు రెండు చెవులకీ పెట్టుకుంటున్నారు. అమ్మ వంటింట్లోంచి కేకలు మానేసి, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడుతుంది.

బుధవారం స్కాన్ అన్నారు కదా. సోమవారం పొద్దున్నే మామయ్యగారికి ఆడియోగ్రామ్ చేయించండి, కాగితం ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, ఒరిజినల్ ఫైల్‌లో అన్నిటికంటే పైన పెట్టి తీసుకెళ్ళండి.