కాన్పు రోజు సంగతే ముందు చెప్పు తల్లీ

తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో మాటల మధ్య అనేసింది, కాన్పయి పద్నాలుగు నెలలైనా నువ్వు మళ్లీ బయట చేరలేదని, బిడ్డకు మొదటి రోజు నుంచీ డబ్బా పాలేనని. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. నీ కాన్పులో రక్తం ఆగక ఐదు బాటిళ్లు ఎక్కించారు కదా. నాకూ అంతే జరిగింది. జబ్బేమిటో తెలియడానికి పదకొండేళ్లు పట్టింది.

పాలు పడాలని మా అత్త రోజూ బొప్పాయి కాయ కూర, వెల్లుల్లి కారం పెట్టేది. చుక్క పడలేదు. తర్వాత నీరసం, చలి. పాకాలలో ఏప్రిల్ ఎండకు అందరూ అల్లాడుతుంటే నేను కంబళి కప్పుకుని కూర్చునేదాన్ని. రక్తం తక్కువని టానిక్ రాశారు. మనసు జబ్బన్నారు. మీ పెదనాన్న తాయెత్తు కూడా కట్టించారు. నెలసరి ఆగిపోయిన సంగతి నేనే సిగ్గుపడి ఏ డాక్టరుకీ చెప్పలేదు. చివరికి విరేచనాలై స్పృహ తప్పితే తిరుపతికి తీసుకెళ్లారు. షుగరూ సోడియమూ రెండూ పడిపోయి ఉన్నాయి. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె నా చెయ్యెత్తి చూసి, చంకలో వెంట్రుకలు లేవని గమనించింది. "అమ్మా, కాన్పులో రక్తం బాగా పోయిందా? పాలు పడ్డాయా?" అంది. అన్నేళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

నా జబ్బును షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937లో ఆ పేరుగల ఇంగ్లండ్ డాక్టరు దీని గురించి రాశాడట. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు అది పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో రక్తం పోయి బీపీ పడిపోతే అందులో కొంత చచ్చిపోతుంది. పాలు, నెలసరి, థైరాయిడ్, ఒంటిని నిలబెట్టే కార్టిసాల్ హార్మోను అన్నీ దాని మాట వినే నడుస్తాయి మరి.

నీకూ అదేనని నేననను, పరీక్షలే చెప్పాలి. కానీ ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల డాక్టరుకే చూపించు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. కూర్చోగానే నీరసమని మొదలుపెట్టకు. రక్తం పోయింది, పాలు పడలేదు, నెలసరి రాలేదు అని మూడూ ఒక్క గుక్కలో చెప్పు. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందంటే ఊరుకోకు. టీఎస్‌హెచ్ వచ్చేదే పిట్యూటరీ గ్రంథి నుంచి, అది దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనబడొచ్చు. థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4, పొద్దున ఎనిమిదింటి కార్టిసాల్, పాల హార్మోను ప్రొలాక్టిన్ కూడా చూడమని అడుగు.

ఇంకోటి, ఇది ప్రాణం మీది సంగతి. కార్టిసాల్ తక్కువుంటే ముందు దాని బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్ర మొదలుపెట్టాలి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. వరస తప్పితే మనిషి కుప్పకూలిపోవచ్చు. స్టెరాయిడ్ అని ఎవరు భయపెట్టినా ఆ హైడ్రోకార్టిసోన్ ఆపకూడదు. ఒంట్లో తయారుకానిదాన్నే బయటి నుంచి ఇస్తున్నారు. జ్వరమొస్తే డోసు ఎంత పెంచాలో డాక్టరునడిగి రాసిపెట్టుకోవాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవాలి. నా పర్సులో ఎప్పుడూ ఆ మాత్రల షీటు ఒకటి, జబ్బు పేరు రాసిన కార్డు ఉంటాయి.

ఆదివారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్యి, పొద్దున్నే పరీక్షకు రక్తం ఇవ్వాలి కదా. బిడ్డను మీ పెదనాన్న చూసుకుంటారు, నీ వెంట నేనొస్తా. కాన్పు డిశ్చార్జ్ కాగితాలు మర్చిపోకు.

మీ పెద్దమ్మ