షెడ్డు తాళాలు అందుకుంటున్న బిడ్డకు

చిరంజీవి నా తమ్ముని బిడ్డకు, కోరుట్ల నుండి పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మన కార్ల రిపేరు షెడ్డును కొనడానికి వచ్చిన మనిషిని నీవు తిప్పి పంపించావనీ, బ్యాంకు ఉద్యోగం మానుకొని వచ్చే నెల ఒకటో తేదీ నుండి షెడ్డు నీవే నడుపుతానన్నావనీ చెప్పాడు. "నువ్వన్నా నచ్చజెప్పే, అన్నా" అన్నాడు గాని, ఆ గొంతులో నిన్ను ఆపాలన్న ఆత్రం కంటే నేను మెచ్చుకోవాలన్న ఆశే ఎక్కువగా వినబడింది. నేను నిన్ను ఆపడానికి రాయడం లేదు. కరీంనగర్‌లో అంబాసిడర్లకూ ఫియట్లకూ క్లచ్ ప్లేట్లు మార్చిన చేతులతో 1983లో బొంబాయి మీదుగా అక్కడికి చేరి, మొదటిసారి ఫెరారీ ముందు మూత ఎత్తి, లోపల ఇంజిన్ లేకపోవడం చూసి ఎవరో ఎత్తుకుపోయారని బెదిరిపోయిన వాడిని నేను. ఆ బండికి ఇంజిన్ సీట్ల వెనుక ఉంటుందని చెప్పి మా ఉస్తాద్ ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. నీవు ఆ బండ్ల మధ్యనే పాత టైరు మీద కూర్చొని ఎక్కాలు నేర్చుకున్నదానివి, నీకు ఆ బెదురు ఉండదు. అందుకే కొంత భయాన్ని ఈ ఉత్తరంలో పెట్టి పంపిస్తున్నాను.

తేలిక మాటలు ముందు ముగిస్తాను. 2021లో చట్టం మారి, చాలా వ్యాపారాలకు కఫీల్ (అక్కడి స్థానిక భాగస్వామి) పేరున 51 శాతం వాటా ఉండవలసిన అవసరం పోయింది గనుక, మన కాగితాలు ఏ పద్ధతిలో ఉన్నాయో అరబ్బీ బాగా తెలిసిన వకీలు చేత చదివించుకో. పనివాళ్ల జీతం ఒకటో తేదీ దాటనివ్వకు. లిఫ్టులు ఎన్ని ఉన్నాయో అన్ని బండ్లనే లోపలికి రానివ్వు. అడ్వాన్సు చేతిలో పడకుండా ఇటలీకి ఆర్డరు పెట్టకు. పెట్టినప్పుడు మోడల్ పేరూ సంవత్సరమూ రాసి ఊరుకోక ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కూడా రాయి, ఎందుకంటే ఆ కంపెనీలు ఏడాది మధ్యలో కూడా భాగాలు మార్చేవి. ట్రయలుకు తీసిన బండిని షెడ్డు నుండి రింగు రోడ్డు దాకా, తిరిగి షెడ్డు దాకా, అంతే. అందులో తమ్ములను, స్నేహితులను ఎక్కించుకోవద్దు.

బెల్టుల సంగతి నీకు తెలిసినదే అయినా ఒకసారి చెబుతాను. ఫెరారీ టెస్టరోసా, 355 బండ్లకు టైమింగ్ బెల్టు (వాల్వులను వేళకు తెరిచి మూయించే రబ్బరు పట్టీ) మార్చాలంటే ఇంజిన్‌ను బయటికి దించాలి; 360కి సీట్ల వెనుక పలక విప్పితే చేయి పడుతుంది; ఎఫ్430 నుండి బెల్టు పోయి చైను వచ్చింది. మూడేళ్లలో బండి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, ఇంజిన్ దించే ఖర్చు ఎందుకని ఓనరు నీతో వాదిస్తాడు. బండి తిరగకుండా నిలబడి ఉన్నా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ ముసలిదవుతుందని ఓపికగా చెప్పు. అది తెగిన క్షణంలో వాల్వులు పిస్టన్ల మీద పడి వంగిపోతాయనీ, ఆ తర్వాత మనం ఇచ్చే బిల్లు చూస్తే ఇప్పటి బిల్లు చాయ్ ఖర్చులా కనబడుతుందనీ చెప్పు. అప్పటికీ ఒప్పుకోకపోతే చేయవలసిన పని ఒకటుంది, దాని దగ్గరికే వస్తున్నాను.

పాత బండిని పూర్తిగా విప్పి కొత్తదాన్ని చేసే పని ఒప్పుకున్నప్పుడు, మొదటి నట్టు విప్పడానికి ముందే ఫోటోలు తీయి. ప్రతి బోల్టూ వేరు సంచిలో పడాలి, సంచి మీద పేరు ఉండాలి. ఇంజిన్ మీదా గేరుబాక్సు మీదా చెక్కిన నంబర్లను గీకుడు కాగితంతో కూడా తాకనివ్వకు. మారనెల్లోలో ఫెరారీ వారి క్లాసికే విభాగం బండి అసలుదేనని పత్రం ఇవ్వాలంటే ముందు చూసేది ఆ నంబర్లనే. తీసిన పాత సామాను పనికిరాదని తెలిసినా పెట్టెలో పెట్టి ఓనరుకు అప్పగించు. ఈ విషయాల్లో మీ బాపు నాకంటే గట్టివాడు, అతన్ని అడుగు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెస్తున్నావనీ, మన బిల్లుల అడుగున ఎర్ర సిరాతో ఉండే "చేయని పనులు" అన్న గడి అందులో ఉండదనీ, అది చూసి కస్టమర్లు బెదిరిపోతున్నారు గనుక తీసివేయడమే మంచిదని నీవన్నావనీ మీ బాపు చెప్పాడు. ఆ గడి ఎందుకు వచ్చిందో అతను నీకు ఎన్నడూ చెప్పలేదట. నా పరువు కాపాడాలనుకొని ఉంటాడు. నాకు డెబ్బై దాటాయి, ఇంకా దాచుకోవలసిన పరువేమీ లేదు.

ఆ రోజుల్లో కార్బొరేటర్ల ఫెరారీ 308 బండిని శ్రుతి చేయడం ఒక విద్య. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే వెబర్ కార్బొరేటర్లు నాలుగు, ఒక్కొక్క దానికి రెండు నోళ్లు, ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది నోళ్లు. మా ఉస్తాద్ మూరెడు రబ్బరు గొట్టం తీసుకొని, ఒక కొన చెవిలో, రెండవ కొన ఒక్కొక్క నోటి దగ్గర పెట్టి, గాలి లోపలికి పోయే బుస వింటూ, ఎనిమిది బుసలూ ఒకే తీరుగా వచ్చేదాకా మరలు సర్దేవాడు. ఆయన ఊరికి వెళ్లిపోయాక షార్జాలో ఆ పని చెవితో చేయగలిగినవాడిని నేనేనన్న పేరు వచ్చింది. పేరుతో పాటు పొగరూ వచ్చింది. 1996 ఫిబ్రవరిలో, రంజాన్ పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక యువ వ్యాపారి తన 1978 మోడల్ 308 జీటీఎస్‌ను తెచ్చి, పెట్రోలు వాసన వస్తోందనీ, పండుగ నాడు కొడుకును ఎక్కించుకొని కొండల వైపు వెళ్లాలనీ అన్నాడు. గొట్టాలన్నీ ముదిరిపోయి ఉన్నాయి. రెండు రాత్రులు కూర్చొని ఒక్కొక్కటే మార్చాము. చివరికి, బండి కింద టార్చి పట్టుకొని వెల్లకిలా పడుకున్న మీ బాపు, "అన్నా, ట్యాంకు వెనుక జానెడు ముక్క ఒకటి మిగిలింది" అన్నాడు. ట్యాంకు దించితే గాని ఆ ముక్కకు పానా అందదు, దించితే ఇంకొక రోజున్నర పడుతుంది. నేను చేయి దూర్చి వేళ్ల కొనలతో తడిమి చూశాను. పొడిగా, గట్టిగానే ఉంది. పండుగ తర్వాత చూద్దామన్నాను. ఓనరుకు ఆ సంగతి చెప్పి ఉంటే, అంతవరకు అది తొందరపాటే అయ్యేది. నేను చెప్పలేదు. పైగా బిల్లులో "పెట్రోలు గొట్టాలు అన్నీ మార్చబడినవి" అని రాసి, సంతకం చేసి, డబ్బు తీసుకున్నాను.

పండుగ మరునాడు ధైద్ దాటిన తర్వాత ఆ బండి అంటుకుంది. వెనుక వస్తున్న వాహనం వాడు పొగ చూసి హారన్ మోగించడం వల్ల తండ్రి బండి ఆపి పిల్లవాడిని లాక్కొని బయటపడ్డాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఈ వాక్యం రాయడానికి ముందు కలం పక్కన పెట్టి కొంతసేపు కూర్చున్నాను. మరుసటి ఉదయం మేమిద్దరం అక్కడికి వెళ్లాము. ఇంజిన్ మీది అల్యూమినియం కరిగి కారి, ఇసుకలో అప్పడంలా గడ్డకట్టి ఉంది, దాని అంచు చుట్టూ చీమలు దారి వెతుక్కుంటున్నాయి. ఆ యువకుడికి నా మీద అనుమానం లేదు, కోపమూ లేదు. "మీరు గొట్టాలన్నీ మార్చారు కదా, ఇంకేమై ఉంటుంది?" అని నన్నే అడిగాడు. "వైరింగు కావచ్చు" అన్నాను. ఆ మాట అబద్ధమని తెలిసిన రెండవ మనిషి నా పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు.

షెడ్డుకు తిరిగి వచ్చి, ఆ బండి నుండి తీసి మూలన పడేసిన పాత గొట్టాల్లో ఒకదాన్ని కత్తితో నిలువునా చీల్చాను. పైకి నల్లగా, గట్టిగా ఉన్న ఆ గొట్టం లోపలంతా ఎండాకాలపు చెరువు అడుగులా పగిలి, గోటితో తాకితే పెళ్లలు రాలింది. ఆ పని బండి అప్పగించక ముందే చేసి ఉంటే, వేళ్లతో తడిమి తేల్చుకునే సంగతి కాదని నాకు తెలిసేది. మీ బాపు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అన్నం వండి నా పళ్లెంలో పెట్టి, తాను మెట్ల మీద కూర్చొని తినేవాడు. ఇరవై రెండవ నాడు నేను ఆ ఓనరు ఇంటికి వెళ్లి జరిగినది చెప్పాను. బండి విలువ ఎనభై వేల దిర్హాములుగా తేల్చుకున్నాము. చెరువు కింది రెండెకరాలు మీ చిన్నత్త పెళ్లికి అమ్మామని నీకు చెప్పారు కదా, ఆ మడి అమ్మినది ఇందుకు. అది చాలక, మిగిలినది ముప్పై నెలల పాటు కట్టాము. చివరి వాయిదా అందుకున్న రోజున ఆయన రసీదు రాసి ఇచ్చాడు. మళ్లీ మన షెడ్డుకు రాలేదు, రమ్మని అడిగే ముఖం నాకూ లేదు.

ఆ సంవత్సరం నుండి మన బిల్లు అడుగున ఆ గడి ఉంది. చేయి అందక వదిలినది, ఓనరు వద్దన్నది, పార్టు రాక ఆగినది, మనకు అనుమానం ఉండి కూడా విప్పి చూడనిది, అన్నీ అందులో రాయాలి, ఓనరు దాని పక్కన విడిగా సంతకం చేయాలి. బెల్టు వద్దని వాదించినవాళ్లలో చాలామంది, ఆ సంతకం పెట్టవలసి వచ్చినప్పుడు కలం ఎత్తి, "సరే, మార్చండి" అన్నారు. కొందరు బెదిరి వేరే షెడ్డుకు పోయిన మాట నిజమే. పోనివ్వు. 2024 ఏప్రిల్ 16 నాటి వానకు మునిగిన బండ్లు ఇంకా చేతులు మారుతున్నాయని విన్నాను. పైకి మెరుగుపెట్టి తెస్తారు. కార్పెట్టు ఎత్తి తడి మరకలు, తుప్పు పట్టిన కనెక్టర్లు చూడకుండా అలాంటి బండి ఒప్పుకోవద్దు, నీళ్లు తాగిన జాడ కనబడితే అదీ ఆ గడిలోకే. ఆ వాన రోజున నీవు మోకాలి లోతు నీళ్లలో నిలబడి కింద ఉన్న బండ్లన్నిటినీ లిఫ్టుల మీదికి ఎత్తించిన సంగతి మీ బాపు నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ మొదటిసారి వింటున్నట్టే విన్నాను.

నిప్పు గురించి ఇంకా చెప్పాలి, విసుక్కోకు. పెట్రోలు పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పడం ఎవరూ మరవకూడదు, నీవు కూడా. పెట్రోలు గొట్టం కొన్నప్పుడు దాని ఒంటి మీది అచ్చు చదువు. ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు కార్బొరేటర్ బండ్ల కంటే ఎన్నో రెట్ల ఒత్తిడితో పోతుంది, కార్బొరేటర్ కోసం చేసిన గొట్టం దానికి నిలవదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ప్రతి లిఫ్టు దగ్గరా ఉండాలి, తాళం వేసిన గదిలో కాదు. లంబోర్గిని మియురా లాంటి పాత బండ్ల చక్రాలు మెగ్నీషియంవి. వాటిని రుద్దినప్పుడు రాలే పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా లేస్తుంది. ఎండిన ఇసుకే పోయాలి. బకెట్లలో ఇసుక ఉందో, పనివాళ్ల సిగరెట్టు ముక్కలు ఉన్నాయో వారానికొకసారి చూడు. జడను టోపీలోకి దోపుకో. గాజులు, ఉంగరం గుమ్మం దగ్గరే తీసివేయి, పానా పట్టిన చేతి గాజు బ్యాటరీ రెండు కొనలకూ తగిలితే చర్మం ఊడి వస్తుంది. బోసి చేతులతో ఎలా ఉంటుందని మీ పెద్దమ్మ ఇక్కడ గొణుగుతోంది. సాయంత్రం చేతులు కడుక్కున్నాక వేసుకుంటుందిలే అని నేనే సర్దిచెప్పాను. ఆమె నీకోసం రెండు జతలు కొని పెట్టింది కూడా.

మీ బాపు నడుము నొప్పి అంటూనే రోజూ షెడ్డుకు వస్తాడు, నీవు బిగించిన నట్టును మళ్లీ తాకి చూస్తాడు. పనివాళ్ల ముందు అతన్ని ఏమీ అనకు. ఒక స్టూలు వేసి, కార్బొరేటర్ల పనంతా అతనికే అప్పగించు. ఉస్తాద్ చెవి నాకు వచ్చిందని జనం అనేవారు గాని, ఆ బుసలోని తేడా నాకంటే ముందు పట్టుకునేవాడు అతనే.

చీల్చిన ఆ గొట్టం ముక్క అతని టేబులు అడుగు సొరుగులో బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది, చూపించమని అడుగు. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడి ఆ గడి పెట్టించు, ఎర్ర రంగు కుదరకపోతే నల్లగానే ఉండనీ. మొదటి నెల బిల్లులు నాకు వాట్సాప్‌లో పంపించు. పైన ఎన్ని దిర్హాములు వచ్చాయో నేను చూడను, అడుగున ఏమి రాశావో చదువుతాను.

ఇట్లు,
నీ పెద్దబాపు